యుద్ధాన్ని ఎవరి కంటితో చూస్తున్నాం? వీడియో కళాకారులు వదలని ప్రశ్న

1969లో, వియత్నాం యుద్ధం సాగుతుండగా, హరూన్ ఫరోకీ అనే పాతికేళ్ల యువకుడు పశ్చిమ జర్మనీలో ఒక చిన్న సినిమా తీశారు. ఒంటికి అంటుకుని మండే నాపాం బాంబుల దాడిలో కాలిపోయి బతికిన ఒక వియత్నాం పౌరుడి వాంగ్మూలాన్ని అందులో ఆయన బల్ల ముందు కూర్చుని, కాగితం చూసి నెమ్మదిగా చదువుతారు. తర్వాత తలెత్తి తన ఇబ్బంది చెప్తారు. కాలిన ఒళ్ల ఫొటోలు చూపిస్తే మీరు కళ్లు మూసుకుంటారు, ముందు ఆ ఫొటో నుంచి, తర్వాత దాని జ్ఞాపకం నుంచి, చివరికి అసలు విషయం నుంచే ముఖం తిప్పుకుంటారు అని. అలా చెప్పి, కాలుతున్న సిగరెట్‌ని తన ముంజేతి మీద నొక్కి ఆర్పుతారు. సిగరెట్ 400 డిగ్రీల వేడితో కాలుతుంది, నాపాం 3,000 డిగ్రీలతో కాలుతుంది అని ఒక గొంతు వినిపిస్తుంది.

యుద్ధం గురించి ఇవాళ వీడియో కళాకారులు చేస్తున్న పనిలో చాలా భాగానికి మూలం ఈ ఒక్క సన్నివేశంలోనే ఉందని నా నమ్మకం. హింసను చూపించినంత మాత్రాన హింస అర్థం కాదు. ఎంత చూపించాలి అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎక్కడ నిలబడి చూడాలి, ఎవరి చేత చెప్పించాలి, దేన్ని చూపించకుండా వదలాలి అని ఫరోకీ ఆలోచించారు. ఆయన తర్వాత వచ్చిన వాళ్లు కూడా, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇదే లెక్కతో కుస్తీ పడుతున్నారు.

టీవీ వార్తకీ, డాక్యుమెంటరీకీ, గ్యాలరీలో చూసే వీడియోకీ తేడా ఏమిటన్నది ముందు తేల్చుకుందాం. వార్తకి గడువు ఉంటుంది, అది రెండు నిమిషాల్లో విషయం చెప్పేయాలి. డాక్యుమెంటరీకి మొదలూ చివరా ఉంటాయి, మనం సీట్లో కూర్చుని చూస్తాం. గ్యాలరీ వీడియో చాలాసార్లు ఆగకుండా మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. మనం మధ్యలో వెళ్తాం, మధ్యలో వచ్చేస్తాం. ఒకే గదిలో మూడో, ఆరో, ఎనిమిదో తెరలు ఒకేసారి నడుస్తుంటే దేన్ని చూడాలో మనమే ఎంచుకోవాలి. ఒక తెర వైపు తిరిగితే వెనక తెర మీద జరిగేది తప్పిపోతుంది. యుద్ధం లాంటి విషయానికి ఈ ఏర్పాటు బాగా నప్పుతుంది. ఎందుకంటే యుద్ధాన్ని ఒక్కచోట నిలబడి పూర్తిగా చూసినవాళ్లు ఎవరూ ఉండరు.

అసలు మలుపు 1991 గల్ఫ్ యుద్ధంతో వచ్చింది. విమానానికీ, క్షిపణి ముక్కుకీ బిగించిన కెమెరాలు తీసిన నలుపు తెలుపు దృశ్యాలు ప్రపంచమంతా టీవీల్లో చూసింది. మధ్యలో గురి గుర్తు, దాని కింద ఒక భవనం, దగ్గరవుతుంది, దగ్గరవుతుంది, తెర ఖాళీ. మనిషి ఎక్కడా కనపడడు. ఫరోకీ 2000 నుంచి 2003 వరకు మూడు భాగాలుగా చేసిన 'ఐ/మెషీన్' ఈ దృశ్యాల దగ్గరే మొదలవుతుంది. ఇవి ఎవరో చూడడం కోసం తీసినవి కావు, పని చేయడం కోసం తీసినవి అని ఆయన గమనించారు. ఆ దృశ్యం క్షిపణికి దారి చూపిస్తుంది, ఫ్యాక్టరీలో రోబోకి వస్తువు ఎక్కడుందో చెప్తుంది. వీటికి ఆయన పెట్టిన పేరు 'ఆపరేషనల్ ఇమేజెస్', అంటే పని చేసే బొమ్మలు. మనిషి చూసినా చూడకపోయినా వాటి పని ఆగదు. యుద్ధాన్ని చూపించడం, యుద్ధం చేయడం ఒకే కెమెరా పనులైపోయినప్పుడు కళాకారుడు మళ్లీ కెమెరా పట్టుకుని ఏం చేయాలి? ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది.

ఫరోకీ తర్వాతి పని, 2009-10లో చేసిన 'సీరియస్ గేమ్స్', ఈ చిక్కుని నాకు తెలిసినంతలో అందరికన్నా స్పష్టంగా విప్పింది. దాంట్లో నాలుగు భాగాలు. కాలిఫోర్నియాలోని ట్వెంటీనైన్ పామ్స్ శిక్షణ స్థావరంలో సైనికులు లాప్‌టాప్‌ల ముందు కూర్చుని వీడియో గేమ్ లాంటి దానిలో యుద్ధం నేర్చుకుంటారు. ట్యాంకులో ఉన్న వాట్సన్ అనే సైనికుడు ఆటలో చచ్చిపోతాడు, ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడు వెనక్కి వాలిపోతాడు. ఇంకో భాగంలో, యుద్ధం నుంచి తిరిగొచ్చి మానసికంగా దెబ్బతిన్న వాళ్లకి వైద్యం చేయడానికి దాదాపు అలాంటి సాఫ్ట్‌వేర్‌నే వాడతారు. కళ్లకి వర్చువల్ రియాలిటీ అద్దాలు తగిలించుకున్న ఒక మనిషి తన తోటి సైనికుడి చావు గురించి చెప్తూ తడబడతాడు, ఇక ఆపేద్దామంటాడు. చూసేవాళ్ల గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. చివర్లో చప్పట్లు వినపడతాయి. ఆయన రోగి కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో తోటి చికిత్సకులకి నటించి చూపిస్తున్న నిపుణుడు.

నాలుగో భాగంలో ఫరోకీ ఒక చిన్న విషయం పట్టుకుంటారు. యుద్ధానికి ముందు వాడే శిక్షణ సాఫ్ట్‌వేర్‌లో వస్తువులకీ మనుషులకీ నీడలు ఉంటాయి. యుద్ధం తర్వాత వైద్యానికి వాడేదాంట్లో నీడలు ఉండవు, ఎందుకంటే అది చవకది. సైనికుణ్ణి తయారుచేయడానికి ఎంత ఖర్చు పెడుతున్నారో, విరిగిపోయిన సైనికుణ్ణి బాగుచేయడానికి ఎంత పెడుతున్నారో ఒక్క నీడతో చెప్పేశారు. ఒక రాజకీయ విశ్లేషణ పది పేజీల్లో చెప్పలేనిది ఇది.

పైనుంచి చూసే కన్ను సంగతి ఒమర్ ఫాస్ట్ ఇంకోలా పట్టుకున్నారు. ఆయన 2011లో చేసిన '5,000 ఫీట్ ఈజ్ ద బెస్ట్'కి ఆధారం, లాస్ వేగాస్‌లో ఒక డ్రోన్ ఆపరేటర్‌తో చేసిన ఇంటర్వ్యూ. ఐదు వేల అడుగుల ఎత్తు నుంచి కింద ఉన్న మనిషి ఏ రకం బూట్లు వేసుకున్నాడో కూడా తెలుస్తుందని ఆ ఆపరేటర్ చెప్తాడు. అతని ముఖం మసకగా ఉంటుంది. ఆ మాటల మధ్యలో ఫాస్ట్ నటులతో తీసిన సన్నివేశాలు పెట్టారు. వాటిలో ఒక అమెరికన్ కుటుంబం కారులో ఊరి నుంచి బయల్దేరుతుంది. దారిలో తుపాకులు పట్టుకుని రోడ్డు తవ్వుతున్న మనుషులు ఎదురవుతారు. పైనుంచి క్షిపణి పడుతుంది. ఎక్కడో దూరదేశంలో జరిగే సంఘటనని, మనుషులని మాత్రం మార్చి, అలాగే ఉంచేశారు. 'మనవాళ్లు' అనుకునే ముఖాలు ఆ కారులో కూర్చునేసరికి ఆ గుర్తు కింద ఉన్నది భవనం కాదు, బండి కాదు, ఇల్లు అని అమెరికన్ ప్రేక్షకుడికి తెలిసొస్తుంది.

మరి కింద ఉన్నవాళ్ల కెమెరా మాటేమిటి? లెబనాన్ కళాకారుడు రబీ మ్రూయే 2012లో డాక్యుమెంటా ప్రదర్శనలో 'ద పిక్సెలేటెడ్ రివల్యూషన్' అనే పని చూపించారు. సిరియాలో నిరసనకారులు సెల్‌ఫోన్‌తో తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోల మీద ఒక ఉపన్యాసం అది. కొన్ని వీడియోల్లో, ఫోన్ పట్టుకున్న మనిషి వెతుకుతూ వెతుకుతూ చివరికి తుపాకి పట్టుకున్నవాణ్ణి ఫ్రేములోకి తెస్తాడు. వాడు కూడా ఇటే చూస్తుంటాడు. కాల్పు వినపడుతుంది, ఫోన్ కింద పడుతుంది. ఎందుకు పారిపోలేదు? అని మ్రూయే అడుగుతారు. ఫోన్ తెర మీద చూస్తున్నప్పుడు అది తన ఎదురుగా జరుగుతున్నట్టు కాకుండా, ఇంకెక్కడో జరుగుతున్న సినిమాలా అనిపించిందా? ఆ అస్పష్టమైన, వణికే ఫుటేజ్‌ని ఆయన ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తారు. వార్తాచానల్ మూడు సెకన్లు వేసి వదిలేసే ముక్క దగ్గర అంతసేపు ఆగడమే ఆ మనిషికి ఇవ్వగలిగిన గౌరవం అని నాకనిపిస్తుంది.

లెబనాన్ ప్రస్తావన ఇంకా ఉంది. 1975 నుంచి 1990 వరకు సాగిన అంతర్యుద్ధం అక్కడ ఒక తరం కళాకారుల్ని ఇచ్చింది. యుద్ధం ముగిశాక 1991లో సార్వత్రిక క్షమాభిక్ష చట్టం వచ్చింది, చాలా నేరాలకి విచారణే లేకుండా పోయింది. అందరూ ఒప్పుకునే చరిత్ర లేదు, దస్తావేజులు లేవు. అలాంటి చోట వాలిద్ రాద్ 'ద అట్లాస్ గ్రూప్' పేరుతో ఒక దస్తావేజుల భాండాగారం సృష్టించారు. అందులో చాలావరకు ఉన్నవి కల్పితాలు. 2001లో చేసిన వీడియోలో సుహైల్ బషార్ అనే బందీ, 1980ల్లో బీరూట్‌లో కిడ్నాపైన అమెరికన్లతో కలిసి ఒకే గదిలో గడిపానని చెప్తాడు. ఆ అమెరికన్లు నిజం, బషార్ కల్పన. విడుదలయ్యాక ఆ అమెరికన్లు తమ అనుభవాల మీద పుస్తకాలు రాసి పేరు పొందారు. అదే కాలంలో కిడ్నాపైన లెబనాన్ వాళ్ల కథలు ఎవరికీ పట్టలేదు. లేని మనిషిని పుట్టించి, ఉన్న ఖాళీని చూపించారు రాద్.

ఆయనదే ఇంకో వీడియో ఉంది. సముద్రపు ఒడ్డున జనం మీద నిఘా పెట్టే ఒక సైనిక గూఢచారి ప్రతి సాయంత్రం కెమెరాని నడిచే మనుషుల నుంచి తిప్పి, అస్తమిస్తున్న సూర్యుడి మీద పెడతాడు. ఉద్యోగం పోతుంది. అతను తూర్పు బీరూట్‌లో పెరిగాడట. యుద్ధం నగరాన్ని రెండు ముక్కలు చేసిన ఆ ఏళ్లలో పడమటి ఒడ్డు నుంచి సూర్యాస్తమయం చూడాలని కోరుకుని చూడలేకపోయాడట. ఇదీ కల్పితమే. కానీ ఊరు చీలిపోవడం అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన పని నేను చూడలేదు.

యుద్ధం గురించి అబద్ధం చెప్పొచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. తప్పుడు ప్రచారం ఇంత పెరిగిన రోజుల్లో అది న్యాయమైన ప్రశ్న. నా ఉద్దేశంలో రాద్‌కీ తప్పుడు ప్రచారానికీ తేడా ఒకటే: ప్రచారకుడు తన అతుకులు దాస్తాడు, రాద్ కనపడేలా వదిలేస్తారు. కొంచెం శ్రద్ధగా చూస్తే ఇది కట్టుకథ అని తెలిసిపోతుంది, తెలిశాక మరి నిజం ఎక్కడుంది అని వెతకాల్సిన పని మన మీద పడుతుంది.

అక్రమ్ జాతారీ దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్లారు. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీద దాడి చేసినప్పుడు, సైదా పట్టణంలో ఒక స్కూలు మీద బాంబు వేయాల్సిన పైలట్, వేయకుండా సముద్రంలో వదిలేశాడని ఊళ్లో ఒక పుకారు. ఆ స్కూలుని నడిపింది జాతారీ తండ్రే. పుకారు నిజమని, ఆ పైలట్ పేరు హగాయ్ తమీర్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆర్కిటెక్చర్ చదివిన మనిషి కాబట్టి, పైనుంచి చూడగానే అది స్కూలో ఆసుపత్రో అయి ఉంటుందని గుర్తుపట్టాడు. కొద్ది గంటల తర్వాత ఇంకో విమానం వచ్చి బాంబు వేసింది. 2013లో, రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో, లెబనాన్ తరఫున జాతారీ చూపించిన 'లెటర్ టు ఎ రెఫ్యూజింగ్ పైలట్' ఈ కథ చుట్టూ అల్లినది. పైనుంచి చూసే కన్నుకి కూడా ఒప్పుకునే అవకాశం, ఒప్పుకోని అవకాశం రెండూ ఉన్నాయని ఆ పని గుర్తుచేస్తుంది.

మన ఉపఖండంలో ఈ ప్రశ్నలకి ఇంకో రూపం ఉంది. ఇక్కడ గాయం పేరు ముందుగా విభజన. నళినీ మలానీ 1946లో కరాచీలో పుట్టారు, మరుసటి ఏడాదే దేశం చీలింది. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత ఆమె చేసిన 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్', విభజన వేళ పిచ్చాసుపత్రిలో ఉన్నవాళ్లని కూడా రెండు దేశాలకీ పంచిన ఉర్దూ రచయిత మంటో కథని వెంటబెట్టుకుంటుంది. నేల మీద రేకు ట్రంకుపెట్టెలు, వాటిలో వెలుగుతున్న టీవీ తెరలు. గదికి ఎదురెదురు గోడల మీద ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ కలిసి ఒక చీర మడతపెట్టాలని చూస్తుంటారు. మధ్యలో గదంత దూరం. మడత పడదు.

అమర్ కన్వర్ పని నాకు మరీ ఇష్టం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. 2007లో ఆయన ఎనిమిది తెరల మీద చేసిన 'ద లైట్నింగ్ టెస్టిమనీస్', విభజన నుంచి 1971 బంగ్లాదేశ్ దాకా, గుజరాత్ నుంచి మణిపూర్ దాకా, సంఘర్షణల్లో ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక హింస గురించినది. ఈ విషయం మీద కెమెరా పెట్టడమే ప్రమాదం. బాధితురాలి ముఖం చూపిస్తే ఆమెని మళ్లీ బజారులో నిలబెట్టినట్టు, చూపించకపోతే దాచినట్టు. కన్వర్ ఆ మధ్యలో ఓపిగ్గా దారి వెతికారు. చెట్టు, కిటికీ, నేసిన గుడ్డ, ఇల్లు లాంటివి సాక్షులుగా ముందుకి వస్తాయి. సంఘటనని మళ్లీ నటించి చూపించడం ఉండదు. కొందరు మాట్లాడతారు, కొందరి మౌనాన్ని అలాగే ఉంచారు. ఎనిమిది తెరలూ ఒకేసారి నడుస్తుంటే, ఒకచోటి బాధ ఇంకోచోటి బాధతో కలిసి వినపడుతుంది. ఇది ఏదో ఒక మతం, ఒక రాష్ట్రం, ఒక పార్టీ సమస్య అని పక్కకి నెట్టే అవకాశం ప్రేక్షకుడికి దొరకదు.

కన్వర్ ఇంకో పని 'ద టోర్న్ ఫస్ట్ పేజెస్', బర్మా సైనిక పాలన గురించి. అక్కడ అచ్చయ్యే పుస్తకాల మొదటి పేజీలో ప్రభుత్వ నినాదాలు ఉండేవి. మాండలేలో కో థాన్ తే అనే పుస్తకాల వ్యాపారి ఆ పేజీ చింపేసి పుస్తకాలు అమ్మేవాడు, 1994లో అరెస్టయ్యాడు. ఆ పనికి పేరు అక్కడి నుంచే వచ్చింది. రహస్యంగా తీసిన ఫుటేజ్ కూడా కలిపిన ఆ వీడియోలు కాగితాల మీద ప్రసరిస్తాయి, మొత్తం పందొమ్మిది.

కళ్లని పూర్తిగా పక్కన పెట్టిన వాళ్లూ ఉన్నారు. 2024 వెనిస్ బినాలేలో పోలండ్ పెవిలియన్‌లో ఉక్రెయిన్‌కి చెందిన ఓపెన్ గ్రూప్ ఒక వీడియో పెట్టింది. యుద్ధం వల్ల ఇళ్లు వదిలిన సామాన్యులు ఒక్కొక్కరే కెమెరా ముందుకి వచ్చి, తాము విన్న ఆయుధాల చప్పుడుని నోటితో అనుకరిస్తారు. సైరన్, క్షిపణి, హెలికాప్టర్. తర్వాత మీరూ అనండి అంటారు. కరోకేలో లాగా ఆ శబ్దం అక్షరాలు తెర మీద వస్తాయి, మైకులు సిద్ధంగా ఉంటాయి. మొదట్లో ఆటలా ఉంటుంది. ఏ చప్పుడు ఏ ఆయుధానిదో వాళ్లు అంత కచ్చితంగా ఎలా నేర్చుకున్నారో తట్టాక ఆటలా ఉండదు. ఇందులో ఒక్క శిథిలం, ఒక్క రక్తపు చుక్క లేదు.

లారెన్స్ అబూ హమ్దాన్ కూడా శబ్దంతోనే పనిచేస్తారు. 2016లో లండన్ పరిశోధన బృందం ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీలతో కలిసి సిరియాలోని సైద్‌నాయా జైలు గురించి బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడారు. వాళ్లు జైల్లో దాదాపు ఏమీ చూడలేదు, కళ్లకి గంతలు, గదుల్లో చీకటి. కానీ అన్నీ విన్నారు. తలుపు ఎంత బరువైందో, నడవా ఎంత పొడవో, చప్పుడుని బట్టి కట్టుకుంటూ వచ్చారు. 2018లో ఆయన చేసిన 'వాల్డ్ అన్‌వాల్డ్' అనే వీడియోలో ఈ వినికిడి సాక్ష్యాలు కీలకం.

అందం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. ఐర్లండ్ కళాకారుడు రిచర్డ్ మోస్ 2013లో 'ద ఎన్‌క్లేవ్' చూపించినప్పుడు పెద్ద వాదన లేచింది. తూర్పు కాంగోలో సాయుధ ముఠాల మధ్య తిరిగి, ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని పట్టే కొడాక్ ఏరోక్రోమ్ ఫిల్ము మీద తీశారు. ఆకుల్లో దాక్కున్న శత్రువుని కనిపెట్టడానికి సైన్యం వాడిన ఫిల్ము అది. పచ్చని చెట్టు అందులో ముదురు గులాబీ రంగులో కనపడుతుంది. కొండలు, అడవులు, సైనికుల యూనిఫాంలు అన్నీ గులాబీ. చూసినవాళ్లు మర్చిపోలేరు. పట్టించుకోని యుద్ధాన్ని ప్రపంచం పట్టించుకునేలా చేశారని కొందరు, చావుని అలంకరించారని ఇంకొందరు అన్నారు.

అందం తప్పు అని నేను అనుకోను. వికారంగా ఉన్న బొమ్మే నిజాయితీ గలదన్న నియమం ఎక్కడా లేదు. నాకున్న అభ్యంతరం వేరు. ఆరు తెరలున్న ఆ గది నుంచి బయటికి వచ్చాక, అక్కడ ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో, ఆ నేల కింద ఖనిజాలు ఎవరికి పోతున్నాయో ప్రేక్షకుడికి తెలియదు. రంగు మాత్రం గుర్తుంటుంది. ఆయన తర్వాతి పని, 2017లో వచ్చిన 'ఇన్‌కమింగ్' గట్టిదనిపిస్తుంది. 30 కిలోమీటర్ల దూరం నుంచి కూడా ఒంటి వేడిని పట్టే, సైన్యం కోసం చేసిన థర్మల్ కెమెరాతో శరణార్థుల ప్రయాణాన్ని తీశారు. ముఖాలు గుర్తుపట్టలేం, మనుషులు తెల్లగా వెలిగే ఆకారాలు. సరిహద్దు నిఘా వాళ్లని ఎలా చూస్తుందో అలాగే మనమూ చూస్తాం. ఇక్కడ ఆ పరికరానికీ విషయానికీ సంబంధం విడదీయలేనిది, అందుకే చూస్తున్నంతసేపూ ఒంటికి సిగ్గుగా ఉంటుంది.

ఫ్రాన్సిస్ అలీస్ వీడియోలు తేలిగ్గా కనపడి లోతుగా దిగుతాయి. 2017లో మోసుల్‌లో కొందరు పిల్లలు శిథిలాల మధ్య వీధిలో ఫుట్‌బాల్ ఆడుతుంటే తీశారు. పాసులు, గోల్స్, కేకలు అన్నీ ఉంటాయి, బంతి ఉండదు. ఐసిస్ పాలనలో ఫుట్‌బాల్ మీద నిషేధం ఉండేది.

ఇక కళ కోర్టు మెట్ల దాకా వెళ్లిన సంగతి. 2010లో లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో ఏయాల్ వైజ్‌మన్ మొదలుపెట్టిన ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్‌లో ఆర్కిటెక్టులు, ఫిల్మ్‌మేకర్లు, లాయర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి పనిచేస్తారు. జర్మనీలోని కాసెల్‌లో 2006లో ఒక ఇంటర్నెట్ కెఫేలో హలిత్ యోజ్‌గాత్ అనే యువకుణ్ణి నియో నాజీలు కాల్చి చంపారు. ఆ సమయంలో ఒక గూఢచార అధికారి అక్కడే ఉన్నాడు, తనకేమీ వినపడలేదు, కనపడలేదు అన్నాడు. వాళ్లు ఆ కెఫేని అసలు కొలతలతో కట్టి, శబ్దాన్ని, చూపు కోణాన్ని, తుపాకి మందు వాసన వ్యాపించే తీరుని పరీక్షించి, ఆ మాట నమ్మదగింది కాదని తేల్చారు. ఆ వీడియోని 2017లో డాక్యుమెంటాలో, అంటే హత్య జరిగిన అదే ఊళ్లో చూపించారు. ఇది కళా, దర్యాప్తా అని గొడవపడిన విమర్శకులు ఉన్నారు. పోలీసు విచారణ చేయాల్సిన పనిని ప్రదర్శనశాల చేయాల్సి వచ్చిందంటే, అడగాల్సింది ప్రదర్శనశాలని కాదని నా అభిప్రాయం.

చివరిగా, ఈ పనులన్నీ వేలాడే గోడల సంగతి. గోడలకి డబ్బు ఎవరిది? జర్మన్ కళాకారిణి హీటో స్టెయెర్ల్ స్నేహితురాలు ఆండ్రియా వోల్ఫ్ 1998లో కుర్దు పోరాటంలో చనిపోయారు. ఆమె చనిపోయిన చోట దొరికిన తూటా తొడుగు పట్టుకుని స్టెయెర్ల్ వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, ఆయుధ కంపెనీలు కళా సంస్థలకి స్పాన్సర్లుగా కూడా తేలాయి. 2013లో ఇస్తాంబుల్ బినాలే వేదిక మీదే ఈ మాట చెప్పారు.

2019లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం బినాలేకి ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్‌ని పిలిచారు. మ్యూజియం బోర్డు వైస్ చైర్మన్ వారెన్ కాండర్స్‌ది సఫారీలాండ్, బాష్పవాయు గోళాలు తయారుచేసే కంపెనీ. అమెరికా మెక్సికో సరిహద్దులో వలస వచ్చినవాళ్ల మీద వాటిని పేల్చారు. ఇంటర్నెట్‌లోని లక్షల ఫొటోల మధ్య ఆ గోళాల్ని కంప్యూటర్ తనంతట తాను గుర్తుపట్టేలా నేర్పిస్తూ వాళ్లు 'ట్రిపుల్ చేజర్' అనే చిన్న వీడియో చేసి, ఆ మ్యూజియంలోనే ప్రదర్శించారు. జులైలో కొందరు కళాకారులు తమ పనులు వెనక్కి తీసుకుంటామన్నారు, ఆ నెలలోనే కాండర్స్ బోర్డుకి రాజీనామా చేశారు. సుమారు పది నిమిషాల ఆ వీడియో ఆ బృందం వెబ్‌సైట్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు.